తొమ్మిది నిమిషాల దగ్గర ఆగిన ఫైలు

భద్రాచలంలో బ్రిడ్జి దిగాక కొంచెం ముందుకు వస్తే, ఎరువుల దుకాణం పై అంతస్తులో ఒక వీడియో స్టూడియో ఉండేది. తొంభైల చివర్లో నేను అందులో పని చేశాను. మాది చండ్రుగొండ దగ్గర పల్లె. ఖమ్మంలో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని, పెళ్లి పత్రికలు కంపోజ్ చేసే పనికని చేరాను. యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాడు. నేను సార్ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అని పిలిచేవాడు. చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత ఆయన్ని చెడ్డవాణ్ని చేసుకుంటే నాకు కొంత తేలిగ్గా ఉంటుందేమోనని నేను కూడా ప్రయత్నించి చూశాను.

అప్పటిదాకా పెళ్లి క్యాసెట్ అంటే రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కాపీ చేయడమే. సార్ ఒకసారి హైదరాబాద్ వెళ్లి డిజిటల్ కెమెరా, దానికి తగిన కంప్యూటర్ తెచ్చాడు. బిగించడానికి వెంట ఒక టెక్నీషియన్ వచ్చాడు. మా కెమెరామన్ మౌస్ ముట్టుకోనన్నాడు కాబట్టి టెక్నీషియన్ నన్ను కూర్చోబెట్టి నేర్పాడు.

"టేపులో ఉన్న బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించాలె. దాన్నే క్యాప్చర్ అంటరు. ఐదు నిమిషాలు ఎక్కిస్తే ఒక జీబీ దాటుతది. గంట టేపుకు పదమూడు జీబీ. గది యాదుంచుకోండ్రి, చాలు" అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. నేను కంపోజ్ చేసిన పత్రికలు ఇరవై ముప్ఫై కలిపినా ఒక్క ఫ్లాపీలో పట్టేవి. ఆ లెక్కన చూస్తే ఒక్క నిమిషం తలంబ్రాలకు నూట యాభై ఫ్లాపీలు కావాలి. వీడియో కోసమే తెచ్చిన డిస్కు మీద పదమూడు జీబీ అని రాసి ఉంది గానీ కంప్యూటర్‌లో పెట్టాక పన్నెండు చిల్లరే చూపించింది. అంటే ఒక్క టేపు కూడా పూర్తిగా పట్టదు. ఇదేంటని సార్ అడిగితే, "అన్ని డిస్కులూ గట్లనే ఉంటయ్" అన్నాడు టెక్నీషియన్.

ఎక్కించడంలో రెండు రకాలు ఉండేవి. పెద్ద సైజులో ఎక్కిస్తే టేపులో ఉన్నది ఉన్నట్టు వస్తుంది, చోటు బాగా తింటుంది. సీడీలకు వాడే చిన్న సైజులో ఎక్కిస్తే గంట వీడియో కూడా అర జీబీ చిల్లరలో సర్దుకుంటుంది. కానీ దాంట్లో మొహాలు అలికినట్టు ఉంటాయి, నగలు మెరవవు. నగలు మెరవని పెళ్లి వీడియో ఎవరికి కావాలి? అందుకని మేం పెద్ద సైజే వాడేవాళ్లం. ముహూర్తం ఒక ముక్క, తలంబ్రాలు ఒక ముక్క, అప్పగింతలు ఒక ముక్క, ఇలా నాలుగైదు నిమిషాల చొప్పున కావలసినవే ఎక్కించి, పాటలు కలిపి, క్యాసెట్ మీదకు దించేసి, వెంటనే డిలీట్ చేసేదాన్ని. ఏది ఉంచాలో ఏది తీసేయాలో నేనే చూసుకునేదాన్ని. ఆరు నెలల్లో నిమిషాలు చెబితే జీబీలు నోటికి వచ్చేవి. నాకు తెలియనిది ఇంకేం లేదనుకున్నాను.

ఒక ఎండాకాలం బూర్గంపాడు అవతల ఒక కోయగూడెం నుంచి ఒక బడిపంతులు వచ్చాడు. ఆయనా కోయవాడే. నన్ను చెల్లె అని పిలిచి, నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు విషయం చెప్పాడు. గూడెంలో ఒక ముసలమ్మ ఉంది. వాళ్ల మామ అడవి కొట్టి చేసుకున్న నాలుగెకరాలు వాగు పక్కన ఉన్నాయి. ఎన్నో ఏళ్ల కింద కోస్తా నుంచి వచ్చిన ఒక రైతు పొగాకు వేసుకుంటానని రెండేళ్లకు కౌలు అడిగాడు. ఆమె భర్త మంచాన పడి ఉన్నాడు, సరేనని వేలిముద్ర వేశాడు. ఆ రెండేళ్లు ఎన్నటికీ అయిపోలేదు. ఇప్పుడు ఆ భూమి ఎవరిదో తేల్చడానికి ప్రభుత్వ ఆఫీసులో విచారణ పెట్టారు.

"ఆ భూమి హద్దులు తెలిసింది అవ్వకు ఒక్కదానికే. కాళ్లు రావు, ఆఫీసుకు తీసుకపోలేం. ఆఫీసరేమో గూడేనికి రాడు. అందుకని ఆమె చెప్పేది వీడియో తీసి ఆయనకు చూపెడుదామనుకున్నం. సాక్ష్యం కింద పనికొస్తదో లేదో నాకు తెల్వదు. ఆమె మొకం చూస్తె ఆయనకు నమ్మకం కుదురుతదేమోనని" అన్నాడు.

సార్ ఒప్పుకున్నాడు. ఎదుటి పక్షం తన వాళ్లేనని ఆయనకు తెలుసు. అయినా ఒప్పుకున్నాడు. అంతా మగవాళ్లే ఉంటే అవ్వ మాట్లాడదని పంతులు చెప్పడంతో కెమెరామన్ వెంట నేనూ వెళ్లాను, మైకు పట్టుకోవడానికి.

బూర్గంపాడు దాకా బస్సు, అక్కణ్నుంచి నడక. అవ్వ ఇంటి ముందు పందిరి కింద కూర్చుని ఇప్పపూలు ఏరుతోంది. వయసెంతో ఆమెకే తెలియదు. ఆమె కోడలు మాకు మంచినీళ్లిచ్చి, అత్త భుజం మీద చీర సర్దింది. అవ్వ కెమెరాను చాలాసేపు చూసింది. మాతో తెలుగులోనే మాట్లాడింది, తడుముకుంటూ.

"ఇది గూడ రాసుకుంటదా? పట్వారి లెక్క?"

"రాయదు అవ్వా. నువ్వు ఎట్ల చెప్తే గట్లనే చూపిస్తది" అన్నాను.

"మారుస్తదా?"

"మార్చదు."

నా మాట మీద ఆమె ఒప్పుకుంది. మొదట్లో ఏమీ చెప్పలేదు. నవ్వింది, చెంగుతో నోరు మూసుకుంది, నీళ్లు తాగింది, తన పెళ్లి నాటి మాట ఏదో చెప్పి మళ్లీ నవ్వింది, మేకను అదిలించింది. పంతులు తొందరపెట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడో ఆమె గొంతు మారింది. తెలుగు వదిలి కోయ భాషలోకి వెళ్లిపోయింది. కూర్చున్న చోటు నుంచే చేయి చాపి అటు ఒక చెట్టు, ఇటు ఒక రాయి, వాగు ఏ మలుపు దాకా, ఏ ఏడు ఏ ఎడ్లు దున్నాయి, చెప్పుకుంటూ పోయింది. ప్రతి చోటుకీ ఒక పేరుంది. పంతులు మధ్యమధ్య తెలుగులో రెండు మాటలు చెప్పేవాడు, తర్వాత ఆపేశాడు, మిగతాది తిరుగుదారిలో మాకు చెప్పాడు. భర్త చేయి పట్టుకుని సిరా అద్దించిన రోజు దగ్గరికి వచ్చేసరికి ఆమె తన బొటనవేలు తానే పట్టుకుని చూపించింది. కోడలు లోపలికి వెళ్లిపోయింది. కెమెరామన్ ఎక్కడా ఆపలేదు. మొత్తం నలభై ఏడు నిమిషాలు.

మరునాడు పొద్దున్నే స్టూడియోలో లెక్క వేశాను. నలభై ఏడు నిమిషాలంటే పది జీబీ. డిస్కులో అంత ఖాళీ లేదు. క్యాసెట్ ఇచ్చేసినా ఇంకా తీసేయని పాల్వంచ పెళ్లి ఒకటి తీసేస్తే చోటు వచ్చింది. చిన్న సైజులో ఎక్కిస్తే ఏ బాధా లేకుండా పట్టేది. కానీ ఆఫీసరు ఆమె మొహం చూడాలి కదా, ఆ ముడతలు, ఆ కళ్లు అలికినట్టు ఉంటే ఎలా అనుకున్నాను. పెళ్లికూతురి నగలకు ఇచ్చే సైజు అవ్వకు ఎందుకు ఇవ్వకూడదు? పెద్ద సైజే పెట్టాను. ఆమెకు గౌరవం ఇస్తున్నాననుకున్నాను.

టేపు తిరుగుతుంటే పక్కన టీవీలో బొమ్మ వస్తుంది. నేను కుర్చీ అటు తిప్పుకుని అవ్వనే చూస్తూ కూర్చున్నాను. కంప్యూటర్ తెర మీద అంకెలు చూడలేదు. టేపు అయిపోయాక ఫైలు తెరిచాను. అవ్వ చీర సర్దుకుంటోంది, నవ్వుతోంది. రెండు నిమిషాలు చూసి, బాగానే వచ్చిందని మూసేశాను. చివర చూడలేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఇక్కడికి వచ్చి ఆగుతాను. ఒక్కసారి బొమ్మ కింద గీత మీది గుర్తును చివరికి జరిపి చూస్తే అయిపోయేది.

కాసేపటికి సార్ వచ్చాడు.

"ఏంటమ్మాయ్, టేపు ఖాళీ అయిందా? రేపు సారపాకలో ఓణీల ఫంక్షన్ ఉంది."

కొత్త కెమెరాలో పెట్టే ఆ చిన్న టేపులు మా దగ్గర మూడే ఉండేవి. అయిపోతే హైదరాబాద్ నుంచి ఎవరో ఒకరు తేవాలి.

"ఎక్కించేశాను సార్."

"అయితే ఇచ్చెయ్యి."

ఇచ్చేశాను. ఆ టేపు మీదే మరునాడు ఓణీల ఫంక్షన్ తీశారు.

శనివారం పంతులు వచ్చాడు, క్యాసెట్ చేయించుకుపోదామని. ఆయన్ని కూర్చోబెట్టి ఫైలు పెట్టాను. అవ్వ నవ్వితే ఆయనా నవ్వాడు. తర్వాత మేక వచ్చింది. అవ్వ చేయి ఎత్తింది. ఆ చేయి అలాగే గాలిలో ఆగిపోయింది.

కంప్యూటర్ ఇరుక్కుందనుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ అదే చోట ఆగింది. తొమ్మిది నిమిషాల చిల్లర. ఫైలు సైజు చూస్తే రెండు జీబీ, అంతే. పది ఉండాల్సిన చోట రెండు. డిస్కులో మిగతా చోటంతా ఖాళీగానే ఉంది.

"మిగతాది ఏడున్నది చెల్లె?" అన్నాడు పంతులు.

నేను కిందికి పరిగెత్తాను. ఎస్టీడీ బూత్ నుంచి హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. టెక్నీషియన్ నింపాదిగా విన్నాడు.

"అవ్ మేడం, రెండు జీబీ కాడ ఫైలు ఆగిపోతది. డిస్కుల ఎంత జాగ ఉన్నా ఒక్క ఫైలు అంతకన్న పెద్దది కాదు. గా సాఫ్ట్‌వేర్ అంతే. ముక్కలు ముక్కలు చేసి ఎక్కియ్యాలె."

"మరి నాకు చెప్పలేదు కదా!"

"మీరు పెళ్లిళ్లు చేస్తరు గదా, గంత పొడుగు ఎవరు ఎక్కిస్తరు? అడుగుతె చెప్పేటోణ్ని."

తెలియని దాన్ని ఎలా అడగాలో ఆయన చెప్పలేదు. పైకి వచ్చి టేపు వెతికి పెట్టి చూశాను. ఓణీల పిల్ల, హారతులు, బంతి భోజనాలు, యాభై నిమిషాలకు పైగా. వాటి కింద అవ్వ మాటలేవీ మిగల్లేదు.

పంతులు అంతా విన్నాడు. గట్టిగా మాట్లాడలేదు. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడి అడిగాడు.

"నిజం చెప్పు చెల్లె. మీ సారు కావాలనే చేసిండా?"

"లేదు పంతులుగారూ. ఆయనకు ఇదేం తెల్వదు. నేనే చూసుకోలేదు."

"ఎదుటోళ్లు ఆయన మనుషులే గదా."

"అవ్. కానీ ఆయన చేయలేదు."

ఆయన నమ్మలేదని నాకు తెలుసు. నమ్మకపోవడానికి ఆయన జీవితంలో చాలా కారణాలు ఉన్నాయి. నిజం చెప్పాలంటే, సార్ కావాలనే చేసి ఉంటే బాగుండునని నాకూ అనిపించింది. అప్పుడు దానికి ఒక మనిషి ఉండేవాడు. తిట్టడానికి, కేసు పెట్టడానికి, కనీసం ద్వేషించడానికి. ఎవరో ఎక్కడో ఒక ఫైలు ఇంతకన్నా పెరగకూడదని పెట్టిన హద్దు, నేను చివర చూడకపోవడం, మూడే టేపులు ఉండటం, వీటన్నిటి మధ్య ఆమె మాట పోయింది. సార్‌తో చెబితే "అయ్యో, మళ్లీ తీసిరండి, ఈసారి టేపు కూడా వాళ్లకే ఇచ్చేద్దాం" అన్నాడు. నిజంగానే అన్నాడు.

హద్దులు పంతులుకు గుర్తున్నాయి కదా, ఆయనే చెప్పొచ్చు కదా అని అడిగాను.

"నేను చెప్తే నేను చెప్పినట్టయితది. పంతులు నేర్పిండంటరు" అన్నాడు.

మళ్లీ గూడేనికి వెళ్లాం. అదే పందిరి. కొత్త టేపు, రెండు బ్యాటరీలు తీసుకెళ్లాం. జరిగింది పంతులు కోయ భాషలో చెప్పాడు. చెబుతున్నంతసేపు అవ్వ నన్నే చూసింది. నేను తల దించుకున్నాను.

"మార్చదన్నవ్" అంది నాతో, తెలుగులో.

"తప్పయింది అవ్వా."

"మార్చలే. మింగింది."

"ఈసారి పోదు. ఈసారి ముక్కలు ముక్కలుగా ఎక్కిస్త. ఇంకొక్కసారి చెప్పు."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆమెకు కోపం వచ్చినట్టు లేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

"పట్వారికి చెప్పిన. గార్డుకు చెప్పిన. జీపుల వచ్చినాయనకు చెప్పిన. వీనికి చెప్పిన" అని పంతులును చూపించింది. "నీకు చెప్పిన. అందరు తీసుకపోయిండ్రు. ఒక్కరు తిరిగి చూపెట్టలే. ఇగ చెప్ప."

పంతులు చేతులు పట్టుకుని బతిమాలాడు. కొడుకు వచ్చి కసిరాడు. కోడలు ఏడ్చింది. "భూమి పోతది అత్తా" అంది. అవ్వ చేటలో పూలు ఏరుకుంటూ కూర్చుంది. మొదటిసారి ఆ మాట చెప్పడానికి ఆమె ఎంత కష్టపడిందో నేను చూశాను. మైకు పట్టుకున్నది నేనే. అందుకే బతిమాలలేకపోయాను. సాయంత్రం దాకా కూర్చుని వెనక్కి వచ్చేశాం. కెమెరామన్ బస్సులో టేపు తీసి జేబులో వేసుకుంటూ, "మొండి ముసల్ది" అన్నాడు. నాకు ఒక్కటి కొట్టాలనిపించింది. నాకు ఆ హక్కు లేదు కాబట్టి కిటికీ వైపు తిరిగాను.

విచారణ రోజున పంతులు ఆ తొమ్మిది నిమిషాలే క్యాసెట్ మీదకు దించమన్నాడు. వద్దన్నాను. "ఆమె ఉన్నదనన్న తెలుస్తది" అన్నాడు. దించి ఇచ్చాను. ఆఫీసులో టీవీ తెప్పించి పెట్టారట. అవ్వ నవ్వింది, చెంగు కప్పుకుంది, పెళ్లి మాట చెప్పింది, మేక వైపు చేయి ఎత్తింది. ఆఫీసరు "దీంట్లో భూమి సంగతి ఏముంది మాస్టారూ?" అన్నాడట. ఎదుటి వాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారట. క్యాసెట్‌ను కాగితాలతో పాటు ఆఫీసులోనే ఉంచుకున్నారు. కొన్నాళ్లకు భూమి ఆ రైతుదేనని రాశారు. అవ్వ మాటలు మొత్తం ఉన్నా అలాగే రాసేవారేమో. ఇన్నేళ్లుగా ఆ ఆలోచన ఊరట కోసం తెచ్చుకుంటాను, అది ఊరట ఇవ్వదు. ఉంటే ఏమయ్యేదో తెలియకుండా చేసింది నేనే.

ఆ శ్రావణంలో పెళ్లిళ్లు బాగా పడ్డాయి. డిస్కు ఎప్పుడూ నిండే ఉండేది. ఒకరోజు సార్ తెర మీద వరసగా ఫైళ్లు చూస్తూ ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇదేంటమ్మాయ్, రెండు జీబీ?"

"ఆ అవ్వది సార్."

"క్యాసెట్ ఇచ్చేశాంగా. తీసెయ్యి. బూర్గంపాడు వాళ్ల పెళ్లి ఎక్కించాలి."

ఉంచుదాం సార్ అని ఒక్క మాట అనొచ్చు. ఆయన కాదనేవాడు కూడా కాదేమో. క్యాసెట్ ఉంది కదా అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. పొద్దున్నే కంప్యూటర్ తెరిచినప్పుడల్లా ఆ ఫైలు కనిపించకుండా ఉంటే బాగుండునని ఉండేది. తీసేశాను. రెండు జీబీ ఖాళీ అయింది.

వానలు ముదిరాక అవ్వ జ్వరంతో పోయిందని విన్నాను. వెళ్లలేదు. మిరప కోతలప్పుడు ఒక మధ్యాహ్నం ఆమె కోడలు మెట్లెక్కి వచ్చింది. చేతులు కారం మంటకు ఎర్రబడి ఉన్నాయి. ఆ నాలుగెకరాల్లోనే కూలికి పోతోందని మాటల్లో తెలిసింది.

"అమ్మా, మా అత్త మొకం మీ కాడ ఉన్నదంట గదా" అంది. "ఆమె ఫోటో ఎన్నడు దిగలే. పెద్దదినం నాడు పెట్టుకుందామంటె లేకపాయె. ఒక్కటి తీసిస్తరా?"

లేదని తెలిసి కూడా కంప్యూటర్‌లో వెతికాను. ఆమె నా భుజం పక్కన నిలబడి తెర వైపే చూస్తోంది. అంతసేపు వెతకడం కూడా అబద్ధమేనని తోచి మౌస్ వదిలేశాను.

"లేదమ్మా. తీసేసిన."

"ఆఫీసుల క్యాసెట్ ఉన్నదంట గదా?"

"పంతులుగారు మూడుసార్లు అడిగిండు. దొరకలేదన్నరంట."

ఆమె బొటనవేలు, చూపుడువేలు కొంచెం ఎడంగా పెట్టి చూపించింది.

"చిన్నగనన్న లేదా? ఇంత? చిన్నదైన చాలు."

"లేదు."

కుర్చీ వేస్తే కూర్చుని నీళ్లు తాగింది. టీవీలో అప్పుడు నేను ఎక్కిస్తున్న పెళ్లి వస్తోంది. పెళ్లికూతురు తల వంచుకుని ఉంది, నగలు మెరుస్తున్నాయి. ఆమె అది చూస్తూ ఉండిపోయింది.

"వీళ్లెవరు?"

"నేలకొండపల్లి వాళ్లు."

"మంచిగ కనపడుతున్నరు" అంది. గ్లాసు బల్ల మీద పెట్టి, బస్సు టైమయిందని మెట్లు దిగి వెళ్లిపోయింది.

నేను మళ్లీ కూర్చున్నాను. తొమ్మిది నిమిషాలు కావస్తోంది. ఆ ఫైలు ఆపి, ఇంకోటి మొదలుపెట్టాను.